క్రోషే, లేసు అల్లిక: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నర్సాపురం పక్కన పల్లెటూరు. మా మామ్మ లేసు అల్లేది, పెద్దమ్మ అల్లేది, నేను మాత్రం డిగ్రీ అయ్యేదాకా సూది ముట్టుకోలేదు, ఆ తర్వాత ఫోన్‌లో వీడియోలు చూసి మొదలెట్టి, ఎక్కడికక్కడ ఇరుక్కుపోయి, మళ్ళీ మామ్మ దగ్గరికే వెళ్ళాను. ఇప్పుడు సాయంత్రాలు మా అరుగు మీద కొంతమంది వచ్చి కూర్చుంటారు, ఆయ్, అందరూ అడిగేవి అవే ప్రశ్నలు, అందుకని ఒకచోట రాసి పెడుతున్నా. వరసా పద్ధతీ ఏమీ లేదు, మీకు కావాల్సింది వెతుక్కోండి.

క్రోషే, లేసు, స్వెటర్ అల్లిక అన్నీ ఒకటేనా?

కాదండి. స్వెటర్ అల్లిక అంటే రెండు పొడుగు పుల్లలతో చేసే నిట్టింగ్, అందులో వరసలో ఉన్న కుట్లన్నీ పుల్ల మీదే ఉంటాయి, పుల్ల జారిందా గోవిందా. క్రోషేకి చివర కొక్కెం ఉన్న సూది ఒక్కటే, మామూలుగా దాని మీద ఉండేది ఒకే ఒక్క లూప్, సూది జారినా ఆ ఒక్క లూప్ పట్టుకుంటే చాలు. మన వైపు లేసు అనేది ఈ క్రోషేనే, కాకపోతే సన్నటి నూలు దారంతో, సన్నటి స్టీలు సూదితో. కొట్లో మీటర్ల లెక్కన అమ్మే మిషన్ లేసు వేరు. తేడా తెలుసుకోవాలంటే ఒక చిన్న పరీక్ష ఉంది, చేతి క్రోషేలో చివరి ముడి విప్పి దారం లాగితే ఆ ముక్క వెనక్కి వెనక్కి విడిపోతుంది, మిషన్‌ది అలా రాదు. కొట్లో కొనకముందు మాత్రం ఈ పరీక్ష చెయ్యకండి, తిడతారు.

నర్సాపురం లేసు అంటే అంత గొప్పేంటి?

19వ శతాబ్దంలో ఇక్కడికొచ్చిన క్రైస్తవ మిషనరీలు మన ఆడవాళ్ళకి నేర్పిన పని ఇది. నేర్పినవాళ్ళు వెళ్ళిపోయారు, పని ఇక్కడే వేళ్ళూనుకుంది. నర్సాపురం, పాలకొల్లు, మొగల్తూరు, గోదారి అవతల రాజోలు వైపు కూడా, మధ్యాహ్నం గిన్నెలు తోమేసుకున్నాక అరుగు మీద కూర్చుంటే చేతిలో సూది ఉండేది. టేబుల్ క్లాతులు, దిండు గలీబులు, డాయిలీలు (బల్ల మీద అలంకారానికి పరిచే చిన్న లేసు ముక్కలు) విదేశాలకి వెళ్ళేవి, ఇప్పటికీ వెళ్తున్నాయి. నర్సాపురం దగ్గర సీతారాంపురంలో లేసు పార్కు ఉంది, 2024లో నర్సాపురం క్రోషే లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని వేసే అధికారిక ముద్ర, కూడా వచ్చింది. అయితే ఇంత పేరున్న ఊళ్ళో పుట్టిన పిల్లలు గ్రానీ స్క్వేర్, అదే మధ్యలోంచి చుట్టూ అల్లుకుంటూ పోయే చదరపు ముక్క, అంటే ఏంటని ఫోన్‌ని అడుగుతున్నారు, నన్ను కలుపుకునే అంటున్నా.

మొదట ఏ సూది, ఏ దారం కొనాలి?

అందరూ చేసే తప్పు ఇక్కడే. ఇంట్లో మామ్మ డబ్బాలో సన్నదారం, సన్న సూది ఉంటాయి కదా అని వాటితోనే మొదలెడతారు, కుట్టు ఎక్కడుందో కంటికి కనపడదు, రెండ్రోజుల్లో విసుగొచ్చి వదిలేస్తారు. నా మాట విని మొదట లావు దారం తీసుకోండి, లేత రంగుది, నూలుది, దానికి 3.5 లేదా 4 ఎంఎం అల్యూమినియం సూది. నలుపు వద్దు, ముదురు నీలం వద్దు, కరెంటు పోయినప్పుడు అసలే వద్దు. బొచ్చు ఉన్న మెత్తటి ఊలు చూడటానికి ముద్దొస్తుంది గానీ తప్పు వేసి విప్పబోతే చిక్కుపడి కత్తెర దాకా తెస్తుంది.

చెయ్యి తిరిగాక లేసు దారంలోకి దిగొచ్చు. దారం నంబరు పెరిగేకొద్దీ సన్నం అవుతుంది, ఇది చాలామంది తిరగేసి అనుకుంటారు. 10 నంబరు దారానికి ఇంచుమించు 1.5 నుంచి 1.75 ఎంఎం సూది, 20కి 1.25 నుంచి 1.5, 40 నంబరుకి 1 ఎంఎం. ఇవి లెక్కకే, మీ చెయ్యి బిగువైతే ఒక సైజు పెద్దది, వదులైతే ఒక సైజు చిన్నది. మెర్సరైజ్డ్ అని రాసి ఉంటే ఆ నూలుకి క్షారంతో పదును పెట్టారన్నమాట, అందుకే ఆ మెరుపు, ఆ గట్టిదనం. లేసుకి అదే బావుంటుంది.

వీడియోలో సింగిల్ అంటారు, ప్యాటర్న్‌లో డబుల్ అని ఉంది, రెండూ ఒకటే అంటారు. నాకు పిచ్చెక్కుతోంది.

ఎక్కదా మరి. కుట్టు ఎంత ఎత్తు అన్నదాన్ని బట్టి పెట్టిన పేర్లు ఇవి, కాకపోతే అమెరికా వాళ్ళవి ఒక పేర్లు, బ్రిటన్ వాళ్ళవి ఒక పేర్లు. అమెరికా సింగిల్ క్రోషే అంటే బ్రిటన్ డబుల్ క్రోషే. అమెరికా హాఫ్ డబుల్ అంటే అక్కడ హాఫ్ ట్రెబుల్. అమెరికా డబుల్ అంటే అక్కడ ట్రెబుల్, అమెరికా ట్రెబుల్ అంటే డబుల్ ట్రెబుల్. మొత్తం ఒక మెట్టు పైకి జరిగిందన్నమాట. కనిపెట్టే చిట్కా ఏంటంటే ప్యాటర్న్‌లో ఎక్కడైనా సింగిల్ క్రోషే అన్న మాట ఉంటే అది అమెరికాదే, బ్రిటన్ పద్ధతిలో ఆ పేరే లేదు. నేను ఒకసారి ఇది తెలియక బ్రిటన్ ప్యాటర్న్ తీసుకుని అమెరికా లెక్కలో డాయిలీ మొదలెట్టాను, అరచేతిలో సగం వచ్చాక అది పూరీలా పొంగింది. ఈ పేజీలో నేను రాసేవన్నీ అమెరికా పేర్లు, యూట్యూబ్‌లో ఎక్కువ అవే కాబట్టి.

మొదటి చైన్ బిగుసుకుపోయి సూది దూరట్లేదు?

చైన్ అంటే లూప్‌లోంచి లూప్ లాగుతూ వేసే గొలుసు, అల్లికకి పునాది. ఆ చైన్ వరకు ఒక సైజు పెద్ద సూది వాడి, తర్వాత మామూలు సూదికి మారిపోండి. అంతే.

నా ముక్క చతురస్రంగా మొదలై పైకి పోయేసరికి గోపురం అవుతోంది. పక్కలు ఎందుకు తగ్గుతున్నాయి?

వందమందిలో తొంభైమంది ఇక్కడ ఏడుస్తారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. వరస అయిపోయి తిప్పేటప్పుడు ఎత్తు కోసం చైన్లు వేస్తాం కదా, సింగిల్‌కి 1, హాఫ్ డబుల్‌కి 2, డబుల్‌కి 3, ట్రెబుల్‌కి 4. తిరకాసంతా ఆ చైన్లని కుట్టుగా లెక్కేస్తామా లెయ్యమా అన్నదాంట్లో ఉంది. సింగిల్‌లో ఆ 1 చైన్ లెక్కలోకి రాదు, కాబట్టి తిప్పగానే మొట్టమొదటి కుట్టులోనే సూది పెట్టాలి. డబుల్‌లో ఆ 3 చైన్లే మొదటి కుట్టు, కాబట్టి దాని కిందున్నది వదిలేసి రెండో కుట్టులో పెట్టాలి, మరి వరస చివరికొచ్చేసరికి కింది వరసలో అలా కుట్టుగా నిలబెట్టిన 3 చైన్ల తల మీద కూడా ఒక డబుల్ వెయ్యాలి. అది చూడ్డానికి కుట్టులా కనపడదు, ఏదో దారం మడతలా ఉంటుంది, అందుకే అందరూ వదిలేస్తారు, వరసకి ఒకటి చొప్పున తగ్గిపోయి గోపురం లేస్తుంది.

మందు ఏంటంటే పిన్నీసు. గాజులకి ఎప్పుడూ ఒకటో రెండో వేలాడుతూనే ఉంటాయి కదా, తిప్పి 3 చైన్లు వెయ్యగానే ఆ మూడో చైన్‌కి ఒక పిన్నీసు పెట్టేయండి, తర్వాతి వరస చివరికి వచ్చినప్పుడు పిన్నీసు ఉన్నచోట వేసేయడమే. కుట్టు గుర్తులని ఆన్‌లైన్‌లో రంగురంగుల ప్లాస్టిక్‌వి అమ్ముతారు, కొనుక్కోండి కాదనను, పిన్నీసుతో పోయేదానికి.

మొదలెట్టేటప్పుడు చైన్ లెక్క కూడా చెప్తాను. 20 సింగిల్స్ కావాలంటే 21 చైన్లు వేసి, సూది నుంచి రెండో చైన్‌లో మొదలెట్టాలి. 20 డబుల్స్ కావాలంటే 22 చైన్లు వేసి నాలుగో దాంట్లో. సూది మీద ఉన్న లూప్‌ని ఎప్పుడూ లెక్కపెట్టకూడదు. ప్రతి వరసా లెక్కపెట్టండి, మొదటి నెల రోజులు బద్ధకించకండి.

గుండ్రంగా అల్లుతుంటే కొన్నిసార్లు గిన్నె అవుతోంది, కొన్నిసార్లు అప్పడంలా అలలు తిరుగుతోంది?

గిన్నె అయితే కుట్లు చాలట్లేదు, అప్పడం అయితే ఎక్కువైపోయాయి. చదునుగా రావాలంటే సింగిల్‌లో 6తో మొదలెట్టి చుట్టుకి 6 చొప్పున పెంచాలి: 6, 12, 18, 24, 30 అలా. డబుల్ అయితే 12తో మొదలెట్టి 12 చొప్పున. హాఫ్ డబుల్ మధ్యలోది, 8 చొప్పున చూసి మీ చేతికి తగ్గట్టు సర్దుకోండి. పెంచడమంటే ఒకే కుట్టులో రెండు వెయ్యడం. రెండో చుట్టులో ప్రతి కుట్టులో రెండు, మూడో చుట్టులో ఒకదాంట్లో ఒకటి, పక్కదాంట్లో రెండు, నాలుగో చుట్టులో రెండింట్లో ఒక్కొక్కటి, మూడోదాంట్లో రెండు. ప్రతి చుట్టులోనూ ఒకేచోట పెంచితే గుండ్రం పోయి ఆరు మూలల పలకలా వస్తుంది, కాబట్టి ఒక చుట్టుకీ ఇంకో చుట్టుకీ పెంచే చోటు కొంచెం పక్కకి జరపండి.

మధ్యలో బెజ్జం పడకూడదంటే మ్యాజిక్ రింగ్. వేలికి దారం చుట్టి, ఆ చుట్టులోకే కుట్లు వేసి, తోక లాగి బిగించడం. ఆ తోకని మాత్రం ముక్కలోకి దూర్చి గట్టిగా దాచెయ్యాలి, లేకపోతే రెండు ఉతుకులకి మధ్యలో కన్ను తెరుచుకుంటుంది.

ప్యాటర్న్ చదవడం రాదు. మామ్మలు ఏమీ చదవకుండా ఎలా అల్లేవాళ్ళు?

మా మామ్మకి అక్షరం ముక్క రాదు, కానీ ఎవరింట్లోనైనా టేబుల్ మీద లేసు చూసిందంటే వెనక్కి తిప్పి, వేలితో రెండు చుట్లు తడిమి, ఇంటికొచ్చి అదే పువ్వు వేసేది. ఆవిడ చదివింది కుట్టుని. మీరూ అది నేర్చుకోవాలి, ప్యాటర్న్ తర్వాత. ఎలాగంటే, ఒక వరస వేశాక పైనుంచి చూడండి, గొలుసులాగా అంటే జడ అల్లినట్టు కనపడుతుంది, ఒక్కో జడపాయ ఒక్కో కుట్టు తల. పక్క నుంచి చూస్తే కింద నిలబడ్డ స్తంభాలు, సింగిల్ పొట్టిది, డబుల్ నడుముకి అడ్డంగా ఒక గీత ఉంటుంది, ట్రెబుల్‌కి రెండు గీతలు. ఆ గీతలు లెక్కపెట్టగలిగితే పాత లేసు ఏదైనా మీరే విప్పి చెప్పేయగలరు.

అభ్యాసం ఒకటి చెప్తాను, మీరు వేసిన ముక్కనే నాలుగు వరసలు విప్పండి, విప్పుతూ ఏ కుట్టు ఎక్కడ దిగి ఉందో చూడండి, మళ్ళీ వెయ్యండి. విప్పడమంటే అందరికీ ప్రాణం పోతుంది. పెద్దమ్మ అయితే నేను ఏడుస్తున్నా పట్టించుకోకుండా లాగేసేది.

ఇక రాత ప్యాటర్న్‌లో నక్షత్రం గుర్తు కనపడితే అక్కడి నుంచి మళ్ళీ మళ్ళీ వెయ్యాలని. బొమ్మ ప్యాటర్న్ అయితే ఇంకా తేలిక, చిన్న కోడిగుడ్డు ఆకారం చైన్, పొట్టి కూడిక గుర్తు సింగిల్, టీ అక్షరానికి నడుము మీద గీత ఉంటే డబుల్. జపాన్ వాళ్ళ బొమ్మ ప్యాటర్న్‌లు భాష రాకపోయినా ఇలాగే అల్లేయొచ్చు.

గళ్ళలో నెమలి, గులాబీ వచ్చేలా అల్లుతారు కదా, అది కష్టమా?

దాన్ని ఫైలెట్ అంటారు, కష్టమేం కాదు, ముగ్గు వేసేవాళ్ళకి అసలు కష్టం కాదు. గళ్ళ కాగితం మీద కొన్ని గడులు నింపి బొమ్మ గీస్తారు, ఖాళీ గడి అంటే డబుల్, 2 చైన్లు, డబుల్. నిండు గడి అంటే ఆ 2 చైన్ల బదులు 2 డబుల్స్. పక్కపక్క గడులకి మధ్య డబుల్ ఒకటే, గోడ ఉమ్మడి అన్నమాట. మొదటి వరస ఖాళీ గడులైతే గడుల్ని 3తో గుణించి 5 కలపండి, అంటే 20 గడులకి 65 చైన్లు, మొదటి డబుల్ సూది నుంచి ఎనిమిదో చైన్‌లో. మొదటి వరస నిండుదైతే 3తో గుణించి 3 కలిపితే చాలు, నాలుగో చైన్‌లో మొదలు. చార్టు కింద నుంచి పైకి చదవాలి, ఒక వరస కుడి నుంచి ఎడమకి, తర్వాతది ఎడమ నుంచి కుడికి.

గడి పొట్టిగా, వెడల్పుగా వచ్చి నెమలి కాస్తా బాతులా కనపడుతుందని అంటారు. డబుల్ వేసేటప్పుడు మొదటిసారి లాగే లూప్‌ని కొంచెం పైకి లాగండి, కుట్టు పొడుగవుతుంది. గుమ్మానికి తోరణం చెయ్యాలనుకునేవాళ్ళకి నేను ఫైలెట్టే చెప్తాను. కాకపోతే గుమ్మం కొలతకి రెండు మూడు అంగుళాలు తక్కువే అల్లండి, వేలాడదీశాక బరువుకి సాగుతుంది.

దారం మధ్యలో అయిపోతే ముడి వెయ్యొచ్చా?

వెయ్యకండి. పాత దారంతో కుట్టు ఆఖరి లాగుడు మిగిలి ఉండగా ఆపి, ఆ లాగుడు కొత్త దారంతో లాగండి. రెండు తోకలూ జానెడు చొప్పున వదిలి, మొన మొద్దుగా ఉన్న కుట్టు సూదితో ముక్కలోకి ఒకవైపు, మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి దూర్చేస్తే ఊడదు. ముడి వేస్తే తెల్ల లేసు మీద మొటిమలా కనపడుతుంది.

ఎంత దారం పడుతుందో ముందే ఎలా తెలుస్తుంది?

ఒక పువ్వు గానీ ఒక గ్రానీ స్క్వేర్ గానీ అల్లి వంటింటి తూకం మీద పెట్టండి, అది 12 గ్రాములు ఉంటే 30 స్క్వేర్లకి 360, కలపడానికీ అంచుకీ ఇంకో పదో పదిహేనో శాతం. మరీ చిన్న పువ్వైతే తూకంలో తెలియదు, పది అల్లి తూచండి. మొత్తం ఒకేసారి కొనండి, లేబుల్ మీద రంగు పేరుతో పాటు లాట్ నంబరు కూడా ఒకటే ఉందో లేదో చూసుకోండి. ఒకే రంగు అని నెల తర్వాత ఇంకో ఉండ తెస్తే సగం దుప్పటి ఒక తెలుపు, సగం ఇంకో తెలుపు అవుతుంది, తెలుపులో కూడా తేడా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

అల్లాక ముడతలు పడి ఉంది, వీడియోలో ఉన్నట్టు ఎందుకు లేదు?

వీడియోలో ఉన్నది పిన్నులు కొట్టి ఆరబెట్టినది. ముందు చల్లటి నీళ్ళలో కొంచెం సబ్బు వేసి మెల్లగా ఉతకండి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కండి. డాయిలీ నిలబడాలంటే గంజి పెట్టాలి. సగ్గుబియ్యం గంజి అన్నం గంజి కన్నా తేటగా ఉంటుంది, నూలు చీరకి పెట్టేదే, పల్చగా వడకట్టి ముంచండి. థర్మాకోల్ అట్ట మీద తెల్ల గుడ్డ పరిచి, మధ్యలో ఒక పిన్ను, తర్వాత ఎదురెదురుగా లాగుతూ అంచు పొడుగునా పిన్నులు. తుప్పు పట్టని పిన్నులే వాడాలి, మామూలు గుండుసూదులు వాడితే పొద్దున్నకి ప్రతి అంచుకీ ఎర్ర చుక్క.

మన దగ్గర వానాకాలం ఒక పట్టాన ఆరదు, ఫ్యాను కింద పెట్టండి, లేకపోతే గంజి పులిసి వాసనొస్తుంది. నూలుదైతే వెనకవైపు నుంచి తడిగుడ్డ వేసి ఇస్త్రీ చెయ్యొచ్చు. ఆక్రిలిక్‌కి ఇస్త్రీ పెట్టెని తగలనివ్వకండి, వేడికి కరిగి చచ్చుపడిపోతుంది, మళ్ళీ లేవదు. దాచిపెట్టే లేసుకి గంజి తీసేసి ఉతికి దాచండి, గంజి ఉంటే పురుగు చేరుతుంది.

ఎరుపు, తెలుపు కలిపి అల్లితే రంగు దిగుతుందా?

దిగొచ్చు. అల్లకముందే ఎర్ర దారం మూరెడు తీసి తడి తెల్ల గుడ్డలో పెట్టి గట్టిగా నలపండి. గుడ్డకి అంటితే ఆ దారం తెలుపు పక్కకి రానివ్వకండి.

పిల్లలకి బొమ్మలు చెయ్యొచ్చా?

అమిగురుమి అంటారు, జపాన్ నుంచి వచ్చిన పద్ధతి. అంతా సింగిల్ కుట్టే, చుట్టుచుట్టుగా, దారానికి చెప్పిన సైజు కన్నా చిన్న సూదితో బిగువుగా, లేకపోతే లోపలి దూది బయటికి తొంగిచూస్తుంది. మూడేళ్ళ లోపు పిల్లలకైతే పూసలు, ప్లాస్టిక్ కళ్ళు పెట్టొద్దు, పీకి నోట్లో పెట్టుకుంటారు, దారంతోనే కళ్ళు కుట్టేయండి.

బాబుకి స్వెటర్ అల్లమంటారా?

భీమవరంలో పుట్టే బాబుకి స్వెటర్ ఎందుకండీ, చెమటకాయలు లేస్తాయి. నూలు దారంతో గాలాడే టోపీ గానీ పల్చటి దుప్పటి గానీ అల్లండి. దుప్పటిలో పెద్ద కంతలు ఉండకూడదు, బుల్లి వేళ్ళు ఇరుక్కుంటాయి.

మొదటి ప్రాజెక్టు ఏది?

గ్లాసు కింద పెట్టే కోస్టర్, తర్వాత గ్రానీ స్క్వేర్, ఆ తర్వాత రైతుబజారుకి పట్టుకెళ్ళే వల సంచి. సంచి నాకు బాగా ఇష్టం, కుట్టు కొంచెం అటూ ఇటూ అయినా వంకాయలు వేశాక ఎవడికీ తెలియదు. సంచి చెవులు మాత్రం సింగిల్‌తో గట్టిగా అల్లండి, చైన్లతో వేస్తే కొబ్బరికాయలు రెండు పడేసరికి నేలని తాకుతుంది.

సూదులు తుప్పు పడుతున్నాయి, చెయ్యి జారుతోంది?

గోదారి గాలి అలాంటిది మరి. స్టీలు సూదులు వాడాక పొడిగుడ్డతో తుడిచి మూత ఉన్న డబ్బాలో పెట్టండి. నూనె రాయకండి, ఆ నూనె తెల్లదారానికి ఎక్కుతుంది. చెమట చేతులైతే కొంచెం పౌడరు అద్దుకుని తుడిచేసుకోండి. తుప్పు పట్టినదాన్ని పారెయ్యడమే మంచిది, గరుకైతే ప్రతి కుట్టులోనూ దారం పోగులు లేస్తాయి.

మణికట్టు నొప్పి, ఎడమచేతి వాటం?

సూదిని కలం పట్టుకున్నట్టు పట్టుకోవచ్చు, చాకు పట్టుకున్నట్టూ పట్టుకోవచ్చు, నొప్పొస్తే పద్ధతి మార్చి చూడండి. అరగంటకోసారి లేచి వేళ్ళు చాపండి. ఎడమచేతి వాళ్ళు చెయ్యి మార్చుకోనక్కర్లేదు, వీడియోని అద్దంలో చూసినట్టు తిప్పి చూడండి, లేదా నేర్పేవాళ్ళకి ఎదురుగా కూర్చోండి. ఫైలెట్ చార్టులో అక్షరాలు ఉంటే మాత్రం తిరగబడతాయి, జాగ్రత్త.

ఇది చేసి డబ్బు సంపాదించొచ్చా? రేటు ఎంత చెప్పాలి?

సంపాదించొచ్చు, కానీ లెక్క తెలియాలి. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నర్సాపురం వచ్చి ఇక్కడి లేసు ఆడవాళ్ళ మీద అధ్యయనం చేసింది. ఆవిడ చూపించింది ఏంటంటే గంటల తరబడి పని చేస్తున్నా వీళ్ళని ఎవరూ పనివాళ్ళుగా చూడలేదు, ఇంట్లో ఖాళీగా కూర్చుని కాలక్షేపానికి అల్లుకుంటున్నారన్నట్టు చూశారు, కూలీ కూడా అలాగే ఇచ్చారు. మా పెద్దమ్మకి కూడా పువ్వుల లెక్కన ఇచ్చేవారు, ఆ ఏజెంటు ఒకసారి డజను పువ్వులు మురికని పక్కన పడేసి డబ్బులివ్వలేదు, పువ్వులూ తిరిగివ్వలేదు.

కాబట్టి మీరు రేటు చెప్పేటప్పుడు దారం ఖరీదుని మూడింతలు చెయ్యడం లాంటి చిట్కాలు వద్దు, సన్నదారం చవక, పనేమో నాలుగింతలు, అక్కడే మునిగిపోతారు. గడియారం పెట్టుకుని ఒక ముక్కకి ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి, మీ ఊళ్ళో ఒక రోజు కూలీ ఎంతో చూసి గంటకి లెక్కేసి, దారం, గంజి, కొరియరు కలపండి. చుట్టాలు అంత రేటా అని ముక్కు మీద వేలేసుకుంటే సూది, దారం వాళ్ళ చేతికిచ్చి కూర్చోబెట్టండి, నేను మా ఆడపడుచుకి అలాగే చేశాను, ఇప్పుడు ఆవిడే నాకన్నా ఎక్కువ రేటు చెప్తోంది.

రావడానికి ఎన్నాళ్ళు పడుతుంది?

చైను, సింగిల్, డబుల్ వారం రోజులు. పక్కలు తిన్నగా రావడం నెల. రోజూ అరగంట కూర్చుంటేనే సుమా. మా అరుగు మీదకి వచ్చే ఒకావిడ సఖినేటిపల్లి నుంచి పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద గోదారి దాటి నర్సాపురం వచ్చేటప్పుడు, ఆ కాసేపట్లోనే ఒక పువ్వు అల్లుతుంది, మొదట్లో రేవు వచ్చేసరికి మూడు రేకులే అయ్యేవట.